వస్తనన్నడు

ఆ టీవీకి తలుపులుండేవి. సన్నటి చెక్కపట్టీలు పేర్చి చేసిన రెండు తలుపులు, మధ్యలో చిన్న తాళం. తాళంచెవి పెద్దమ్మ పుస్తెలతాడుకున్న పిన్నీసుల గుత్తిలో వేలాడేది. ఆమె వంగి తాళం తీసి, తలుపులు రెండు పక్కలకూ నెట్టేదాకా మాకు ఊపిరాడేది కాదు. స్విచ్చి వేసిన వెంటనే బొమ్మ వచ్చేది కాదు. ముందు గొంతు వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. ఆ మధ్యలో కాసేపు, నల్లటి గాజు మీద ముప్పై ముఖాలు కనిపించేవి. అవి మావే.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాళ్లు. ఆమె భర్త మాకు పెద్దనాయన, వాళ్ల కొడుకు అన్న. ఇరుగుపొరుగును వరసపెట్టి పిలవడం ఒక్కటి చాలేది, ఆ ఇంట్లోకి చెప్పులు విప్పి నేరుగా వెళ్లి చాప మీద కూర్చోవడానికి.

1980ల మధ్య రోజులవి. హైదరాబాద్‌కు ఈశాన్యపు కొసన, ఈసీఐఎల్ చౌరస్తాకు నడిచిపోయేంత దూరంలో మా బస్తీ. పెద్దనాయన ఆ కంపెనీలోనే పనిచేసేవాడు. వాళ్లింట్లో ఉన్నది కూడా ఆ కంపెనీ తయారుచేసిన ఈసీ టీవీయే. అణుశక్తి శాఖ కింద 1967లో పుట్టిన సంస్థ అది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావు పేరు మీదే ఇవాళ ఏఎస్ రావు నగర్ ఉంది. 1975లో ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగానికి సెట్లు అక్కడే తయారయ్యాయి. ఆ పక్కనే అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. అణువు అనే మాట మాకు సైన్సు పుస్తకంలో కంటే ముందు గేటు బోర్డుల మీద కనిపించింది. అందుకే, అణుబాంబు పేలితే ఆ శక్తితో రోబోకు ప్రాణం వచ్చిందని అన్న చెప్పినప్పుడు మాలో ఎవరూ వింతపడలేదు. పెద్దనాయన వాళ్ల కంపెనీలో కూడా అలాంటివి చేస్తారు కాబోలు అనుకున్నాం.

ఆ రోబోయే ‘జెయింట్ రోబో’. వారానికొకసారి, అరగంట.

మొదటి భాగంలోనే కథంతా ముడిపడిపోతుంది. సముద్రంలో పోతున్న ఓడ మీద ఒక రాక్షసి విరుచుకుపడుతుంది. జానీ అనే పిల్లవాడు, జెర్రీ అనే యువకుడు కొట్టుకొచ్చి ఒక దీవిలో పడతారు. భూమిని పట్టుకోవడానికి వేరే లోకం నుంచి దిగిన గిలోటిన్ చక్రవర్తి ముఠా, అక్కడ ఒక శాస్త్రవేత్తను బంధించి, మేడంత రోబోను చేయించుకుంటూ ఉంటుంది. రోబోను నడిపే పరికరం చేతి గడియారంలా ఉంటుంది. అందులో మొదట ఎవరి గొంతు పలికితే, రోబో ఇక వాళ్ల మాటే వింటాడు. ఆ గడియారం జానీ చేతికి వస్తుంది. అందులో మొదట పలికిన గొంతు వాడిదే. శాస్త్రవేత్త అమర్చిపెట్టిన అణుబాంబు పేలుతుంది, దీవి దద్దరిల్లుతుంది, ఆ పొగలోంచి రోబో లేచి నిలబడతాడు.

ఈజిప్టు రాజుల తలపాగాలాంటి తల. వేళ్ల నుంచి క్షిపణులు, కళ్ల నుంచి కిరణాలు, నోట్లోంచి మంటలు, వీపున రాకెట్లు. వారానికొక రాక్షసి వచ్చేది. ఒక వారం ఒళ్లంతా కన్నే అయినది, ఒక వారం ముళ్ల బంతిలా దొర్లుకుంటూ వచ్చేది, ఒక వారం పట్నాన్ని చుట్టేసే తీగ. జానీ మణికట్టు నోటి దగ్గర పెట్టుకొని ఒక్క మాట అనేవాడు. అంత పెద్ద ఇనుప మనిషి, అంత చిన్న పిల్లవాడి మాటకు కదిలేవాడు. ఇంట్లో నీళ్లు తెమ్మని, పాలు తెమ్మని, పక్కకు జరగమని మాకు చెప్పేవాళ్లే తప్ప మేం చెబితే వినేవాళ్లు ఎవరూ లేని వయసది. ఆ గడియారం మమ్మల్ని ఎందుకంత పట్టేసిందో ఇప్పుడు అర్థమవుతోంది.

పెద్దమ్మ వాళ్ల టీవీ నలుపు తెలుపుదే గానీ, దాని ముందు రంగుల ప్లాస్టిక్ తెర తగిలించారు. పైన నీలం, నడుమ ఎరుపు, కింద పచ్చ. కాబట్టి మా రోబో తల ఎప్పుడూ నీలం, నడుము ఎరుపు, కాళ్లు పచ్చ. అతను వంగితే తల ఎర్రబడేది. దెబ్బ తగిలిందేమోనని మేం భయపడేవాళ్లం.

మాటలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. ముప్పై మందిలో ఇంగ్లీషు తెలిసినవాడు అన్న ఒక్కడే. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. టీవీ పక్కనే స్టూలు వేసుకొని, సగం తెర వైపు, సగం మా వైపు తిరిగి కూర్చునేవాడు. తెర మీద ఎవరు నోరు తెరిచినా వెంటనే అన్న గొంతు తెలుగులో వచ్చేది. విలన్‌కు బొంగురు గొంతు, జానీకి సన్న గొంతు. రోబో కదిలినప్పుడు వచ్చే ఇనుప చప్పుళ్లకు కూడా అన్న దగ్గర అర్థాలుండేవి. “ఇగ సూడుండ్రి, కోపమొచ్చింది వానికి” అనేవాడు. చప్పుడు మాకు మాటగా వినిపించేది.

పేర్లు కూడా అన్న చేతిలో మా పేర్లయిపోయాయి. గిలోటిన్ చక్రవర్తి ‘గిల్లుడు రాజు’ అయ్యాడు. జానీ చేరిన దళం పేరు యూనికార్న్. వాళ్లందరూ ఒకేరకం దుస్తులు వేసుకుంటారు కాబట్టి మేం ‘యూనిఫారం’ అన్నాం, అన్న కూడా అదే ఖాయం చేశాడు. జానీని అంటిపెట్టుకొని తిరిగే జెర్రీ ఎవరని మా చిన్నోడు అడిగితే, అన్న ఒక్క క్షణం కూడా ఆగకుండా “వాళ్ల మేనమామ” అన్నాడు. ఆ తర్వాత జెర్రీకి ఏ ఆపద వచ్చినా చాప మీద పిల్లలంతా “మామా! మామా!” అని అరిచేవాళ్లు. తుపాకులు పేలి మనుషులు కూలినప్పుడు అన్న తొందరగా అనేవాడు: “సావలే. మత్తు గోలీలవి. పొద్దుగాల లేస్తరు.” మేం నమ్మేవాళ్లం. నిమ్మళంగా ఇళ్లకు వెళ్లి పడుకునేవాళ్లం.

బస్తీ చివర నాలుగు కాళ్ల మీద నిలబడ్డ నీళ్ల ట్యాంకు ఒకటి ఉండేది. వీపున ఇనుప నిచ్చెన, పైన గుండ్రటి మూత. చీకటి పడేవేళ దాని వెనక ఆకాశం ఎర్రబడితే అచ్చం నిలబడ్డ మనిషిలాగే ఉండేది. మగపిల్లలు ఈతాకులతో గడియారాలు అల్లుకొని దాని ముందు నిలబడి ఆజ్ఞలిచ్చేవాళ్లు. ఆడపిల్లలు జానీ కావడానికి వాళ్ల ఆటలో వీల్లేదు. మేం రోబో తొక్కితే కూలే ఇళ్లలో ఉండే జనం. పరుగెత్తడమే మా పని. అది నాకు చాలా కష్టంగా ఉండేది.

మా నాన్న మౌలాలి వైపు ఒక చిన్న వర్క్‌షాపులో టర్నర్. ఇంటికి రాగానే హెచ్ఎంటీ వాచీ తీసి గూట్లో పెట్టి, చేతుల గ్రీజు కడుక్కోవడానికి వెళ్లేవాడు. కిరోసిన్ గుడ్డతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు. నాకు దొరికేది అంత సమయమే. వాచీ మణికట్టుకు పెట్టుకుంటే మోచేతి దాకా జారేది. మేడ మెట్ల మీదికి వెళ్లి, దాన్ని నోటి దగ్గర పట్టుకొని, దూరంగా కనిపించే ట్యాంకుతో గుసగుసగా అనేదాన్ని: “లెవ్వు.” వాచీ లోపల టిక్ టిక్ పెదవికి తగిలేది. ట్యాంకు విన్నదని, సమయం వచ్చినప్పుడు లేస్తుందని నాకు గట్టి నమ్మకం.

నాన్న ఒక్కసారే పెద్దమ్మ వాళ్లింటికి టీవీ చూడ్డానికి వచ్చాడు. లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడి, రోబో వేళ్లు ముడవడం చూసి, “వేళ్లకు బేరింగులు మంచిగ కూసోవెట్టిండ్రు” అన్నాడు. పనివాడు పనివాణ్ని మెచ్చుకోవడం అది. ఆ రోజంతా నేను గర్వంగా తిరిగాను.

ఆఖరి భాగం వచ్చిన రోజు చాపలు చాలలేదు. గుమ్మంలో, కిటికీ బయట కూడా జనం. కరెంటు పోకూడదని పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. తెర మీద గిల్లుడు రాజు కొండంత పెరిగిపోయి నిలబడ్డాడు. వాడి ఒంటినిండా అణుశక్తి ఉందని, వాణ్ని కొడితే వాడితోపాటు భూమి కూడా పేలిపోతుందని అన్న చెప్పాడు. రోబోలో శక్తి అయిపోతోంది. జానీ చేసేదేమీ లేదు. అప్పుడు రోబో, మొదటిసారి, ఎవరూ చెప్పకుండా కదిలాడు. వాణ్ని ఒడిసి పట్టుకొని ఆకాశంలోకి లేచాడు. జానీ వద్దంటున్నాడు, వెనక్కి రమ్మంటున్నాడు, గడియారంలో అరుస్తున్నాడు. రోబో వినలేదు. పైపైకి వెళ్లి, ఎదురుగా వస్తున్న ఉల్కను ఢీకొట్టాడు. తెరంతా తెల్లబడిపోయింది.

గదిలో చీమ చిటుక్కుమనలేదు. అన్న గొంతు కూడా ఆగిపోయింది. మా చిన్నోడి కింది పెదవి వణకడం మొదలైంది. వాడికప్పుడు నాలుగేళ్లు.

“అన్నా, రోబో ఏమన్నడే?” అని అడిగింది నేనే.

అన్న తెర వైపు చూడలేదు. మా వైపు చూశాడు. చాప మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, చిన్నోడి దగ్గర ఆగాడు.

“వస్తనన్నడు.”

“ఎప్పుడొస్తడట?”

“మీ పరీక్షలైనంక.”

చిన్నోడు ఏడవలేదు. మేమంతా చెప్పులు వెతుక్కొని ఇళ్లకు వెళ్లిపోయాం. పరీక్షలయ్యాయి. ఆ వారం పెద్దమ్మ తలుపులు తీస్తే వేరే కార్యక్రమమేదో వచ్చింది. ఇంకో వారం చూశాం. ఆ తర్వాత ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికి వెళ్లిపోయాం.

1987లో రామాయణం మొదలయ్యాక ఒక్కో ఇంటి మీద ఒక్కో యాంటెనా లేచింది. కొన్నాళ్లకు మా ఇంటికి కూడా టీవీ వచ్చింది. దానికి తలుపుల్లేవు. మొదటి రోజుల్లో నాకు అది బట్టలు లేకుండా కూర్చున్నట్టుగా అనిపించేది. అమ్మ ఒక కుట్టుపని గుడ్డ కప్పింది. 1990లలో కేబుల్ వచ్చింది. ఎవరింట్లో వాళ్లం, మా ఇంట్లో మేం. పెద్దమ్మ వాళ్ల చాపలు చుట్టుకొని అటకెక్కాయి. ఎవరూ ఎవరితోనూ తగాదా పడలేదు, ఎవరూ ఎవరినీ రావద్దనలేదు. వెళ్లాల్సిన పని లేకపోయింది, అంతే. ఒక బతుకుతీరు పోవడానికి అంత చిన్న కారణం చాలని మాకు అప్పుడు తెలియదు.

కిందటేడు ఆ ధారావాహిక మొత్తం నా కంటపడింది. 26 భాగాలు. ఇంట్లో అందరూ పడుకున్నాక రోజుకొకటి చొప్పున చూశాను.

మొదట నన్ను ఆపేసింది రంగు. అది 1967లోనే రంగుల్లో తీసినది. రోబోకు నీలం, ఎరుపు, పచ్చ పట్టీలు లేవు. ఆకాశం పై నుంచి కింది దాకా నీలంగానే ఉంది. ఆ రోబో జపాన్‌వాడని కూడా నాకు పెద్దయ్యాకే తెలిసింది. మిత్సుతెరు యోకోయామా అనే బొమ్మలకథల రచయిత సృష్టి. తోయే సంస్థ తీస్తే, 1967 అక్టోబరు నుంచి 1968 ఏప్రిల్ దాకా అక్కడి టీవీలో వచ్చింది. అంటే మా ఈసీఐఎల్, మా రోబో ఒకే ఏడు పుట్టారు. ఒకరు తయారుచేసిన పెట్టెలోంచి ఇంకొకరు మా బస్తీలోకి వచ్చారు.

జానీ అసలు పేరు జానీ కాదు. దైసాకు కుసామా. మిత్సునొబు కానెకో అనే బాలనటుడు వేశాడు. అమెరికా సంస్థ ఒకటి ఇంగ్లీషులో గొంతులు పెట్టించినప్పుడు వాడికి జానీ సోకో అని పేరు మార్చింది. అన్నకంటే ముందే ఆ కథను ఇంకొకరు తమ పిల్లల కోసం మార్చి చెప్పారన్నమాట. టోక్యోలో దైసాకుగా బయల్దేరినవాడు అమెరికాలో జానీ అయ్యాడు, మా బస్తీకి వచ్చేసరికి మేనమామ ఉన్న పిల్లవాడయ్యాడు.

అప్పుడు కనపడనివి చాలా కనిపించాయి. విమానాన్ని మోసే తీగ కనిపించింది. రోబో లోపల మనిషి ఉన్నాడని, అతను ఆ బరువుతో మోకాళ్లు వంచడానికి ఎంత కష్టపడుతున్నాడో కనిపించింది. రోబో కాలి కింద నలిగే పట్నంలో ఒక మేడను ఆపి చూశాను. కిటికీలున్నాయి, పిట్టగోడ ఉంది. క్షణంలో పొడి కాబోయే ఇంటికి ఎవరో కూర్చొని చేత్తో పిట్టగోడ కట్టారు. అలా వారం తర్వాత వారం. నాన్న గడప దగ్గర నిలబడి మెచ్చుకున్నది ఆ చేతులనే. ఆయన ఇప్పుడు లేడు, చూపించడానికి.

ఇంకొకటి కూడా కనిపించింది. యోకోయామా 1934లో కోబె నగరంలో పుట్టాడు. 1945లో అమెరికా విమానాలు నిప్పుల బాంబులు కురిపించి కాల్చేసిన నగరమది. అప్పటికి అతనికి పదేళ్లు. రోబోకు ముందు, 1956లోనే అతను ‘తెత్సుజిన్ 28’ అనే కథ రాశాడు. యుద్ధం కోసం తయారైన ఇనుప మనిషి ఒక పిల్లవాడి చేతి పరికరానికి లొంగి ఉండే కథ అది. హిరోషిమా మీద బాంబు పడిన 22 ఏళ్లకు అదే దేశం తన పిల్లలకు ఈ రోబోను ఇచ్చింది. ఇతను బాంబుతోనే లేచాడు. పిల్లవాడి చేతిలో పడ్డాడు కాబట్టి మంచివాడయ్యాడు. చివరికి భూమిని పేల్చగల ఆ శక్తిని చేతులతో ఎత్తి, మనుషులు లేని చోటికి తీసుకుపోయాడు. గేటు బోర్డుల మీద అణువును చూస్తూ పెరిగిన నాకు, ఆ చివరి దృశ్యం ఒక దేశం చేసుకున్న ప్రార్థనలా అనిపించింది.

తుపాకులు మాత్రం నన్ను కలవరపెట్టాయి. లెక్కలేనన్ని కాల్పులు. పిల్లవాడి చేతిలో కూడా తుపాకి ఉంది. కూలినవాళ్లు తెల్లారి లేవరు. అవి మత్తు గోలీలు కావు. జెర్రీ ఎవరి మేనమామా కాదు, దళంలో పనిచేసే మనిషి. అన్న మాకు చెప్పిన కథలో ఎంత రక్తం తుడిచేశాడో, ఎన్ని చుట్టరికాలు కలిపాడో, ఒక్కో రాత్రి ఒక్కో భాగం చూస్తుంటే బయటపడుతూ వచ్చింది.

ఇరవై ఆరో రాత్రి దీపం ఆర్పి కూర్చున్నాను. ఏం జరుగుతుందో అంతా తెలుసు. రోబో లేచాడు. జానీ అరిచాడు. ఉల్క వచ్చింది. ఇంగ్లీషు ఇప్పుడు నాకు వచ్చు. రోబో ఏమన్నాడో విందామని చెవులు రిక్కించాను. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మూడోసారి కూడా చూశాను. జానీ పిలుస్తున్నాడు, ఏడుస్తున్నాడు. రోబో ఏమీ అనలేదు. ఆ రోబోకు మాటే లేదు.

వస్తనన్నడు అన్నది అన్న ఒక్కడే.

ఇప్పుడు ఏ దేశం కథైనా తెర కింద అక్షరాల్లో పొల్లుపోకుండా అర్థమైపోతుంది. ఆ సదుపాయం నాకూ ఇష్టమే. కానీ ఆ అక్షరాలు మన వైపు తిరిగి కూర్చోవు. కింది పెదవి వణుకుతున్న నాలుగేళ్లవాడు వాటికి కనపడడు. పెద్దమ్మ ఇంట్లో ముప్పై మందిమి తెరను చూస్తుంటే, ఒక్కడు మమ్మల్ని చూస్తూ ఉండేవాడు. మేం ఎంత భరించగలమో కొలిచి, అంతే మాకు పెట్టేవాడు. నేను పోగొట్టుకున్నది ఆ టీవీని కాదు, ఆ స్టూలును.

మర్నాడు ఆదివారం. అన్నకు ఫోన్ చేశాను. రిటైరై కాప్రాలో ఉంటున్నాడు.

“అన్నా, జెయింట్ రోబో యాదికున్నదా?”

“ఎందుకు లేదు? గిల్లుడు రాజు!” అని నవ్వాడు.

“ఆఖరి నాడు రోబో వస్తనన్నడని చెప్పినవ్ గదా. రాత్రి మళ్ల సూసిన. వాడు ఏమనలేదన్నా. ఒక్క మాట గూడ అనలే.”

కాసేపు అటు నుంచి చప్పుడు లేదు.

“నేనట్ల చెప్పిన్నా? యాదికి లేదు చెల్లే.”

“చెప్పినవ్. పరీక్షలైనంక వస్తడన్నవ్.”

మళ్లీ చప్పుడు లేదు. ఫోనులో ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది. తర్వాత అన్న అడిగాడు, అప్పటి గొంతుతోనే.

“రాత్రి సూసి ఏడ్సినవా?”

“ఏడ్సిన.”

“పక్కన ఎవరన్న ఉండిరా?”